గోవాలో ఐదు రోజులు: ఎక్కడ దిగాలి, ఏ ఊరు వదిలేయాలి?

ప్రశ్న: మాది ఒంగోలు. సంక్రాంతి సెలవుల్లో ఇంటిల్లిపాదీ గోవా వెళ్దామనుకుంటున్నాం. నేను, మావారు, మా అత్తగారు, డిగ్రీ రెండో సంవత్సరం చదివే అబ్బాయి, తొమ్మిదో తరగతి అమ్మాయి. అత్తగారికి డెబ్బై దాటాయి. మోకాళ్ల నొప్పులు, పైగా గుడ్డు కూడా ముట్టరు. చేతిలో ఉన్నవి ఐదు రోజులు. ఇక్కడి ట్రావెల్స్ ఆయన ఇచ్చిన కాగితంలో పనాజీ, ఓల్డ్ గోవా, మపుసా, కలంగూట్, బాగా, అంజునా, వాస్కో, మడ్గావ్, కోల్వా, పాలోలెం, పోండా గుళ్లు, దూధ్‌సాగర్ అన్నీ ఉన్నాయి. చిన్న రాష్ట్రమే కదమ్మా, అన్నీ అయిపోతాయి అంటున్నాడు. అబ్బాయికి బీచ్‌లు కావాలి. మావారేమో గోవా సంసారులు వెళ్లే చోటు కాదు, సముద్రమే చూడాలంటే కొత్తపట్నం లేదా అంటారు. రైల్లో వెళ్లే దారేమిటి, ఎక్కడ దిగాలి, ఏవి చూడాలో మీరే చెప్పాలి.
– ఒక సోదరి, ఒంగోలు

సమాధానం:

చెల్లెమ్మా, ముందు ఆ కాగితం పక్కన పెట్టండి. అందులో పన్నెండు పేర్లున్నాయి. అన్నీ తిరిగొచ్చిన వాళ్లు చాలామంది నాకు తెలుసు. ఏం చూశారని అడిగితే ఫోన్లో ఫొటోలు తీసి చూపిస్తారే తప్ప ఒక్క ఊరి గురించీ నాలుగు మాటలు చెప్పలేరు. ఒక్కోచోట బస్సు ఇరవై నిమిషాలు ఆగుతుంది. అందులో సగం చెప్పులు విడవడానికీ, బాత్రూం ఎక్కడో వెతకడానికీ సరిపోతుంది. మీ అత్తగారైతే రెండో చోటు నుంచి బస్సు దిగనే దిగరు.

గోవా చిన్నదన్న మాట నిజమే. మొత్తం రాష్ట్రం 3,702 చదరపు కిలోమీటర్లు. విభజనకు ముందున్న మన పాత ప్రకాశం జిల్లాలో అయిదో వంతుకు కొంచెం ఎక్కువ, అంతే. అందుకే పటం చూసిన ప్రతివాళ్లకూ ఒకచోట మకాం పెట్టి అంతా చుట్టేయొచ్చు అనిపిస్తుంది. కానీ నేల నిండా నదులు, కాలువలు, కొండలు. ఊళ్ల మధ్య రోడ్లు ఇరుకు, మలుపులు ఎక్కువ. పనాజీ నుంచి మడ్గావ్ 33 కిలోమీటర్లు. జనవరిలో ఆ దారికి గంట పైన పెట్టుకోవాల్సిందే. మపుసా ఒక కొసన, పాలోలెం ఇంకో కొసన. పొద్దున అక్కడ, సాయంత్రం ఇక్కడ అనుకుంటే రోజంతా కారు సీట్లోనే అయిపోతుంది.

మీవారి మాటలో ఒకటి నాకు నచ్చింది. సముద్రం మనకి ఉంది. కొత్తపట్నం, రామాయపట్నం, నెల్లూరోళ్లకి మైపాడు. అంతంత దూరం రైల్లో పోయి ఇసకలో కూర్చోవడమే పని అయితే ఆయన అన్నట్టు మానేయడమే మేలు. మనం వెళ్లాల్సింది అక్కడి ఊళ్ల కోసం. 451 ఏళ్లు పోర్చుగీసు వాళ్ల కింద ఉండి, 1961 డిసెంబరు 19న భారతదేశంలో కలిసి, 1987 మే 30న రాష్ట్రమైన నేల అది. మన ఊళ్లకీ ఆ ఊళ్లకీ ఇల్లు కట్టే తీరులో, గుడి కట్టే తీరులో, కూర వండే తీరులో ఉన్న తేడా నింపాదిగా చూస్తేనే కంటికి ఆనుతుంది. కాబట్టి నా సలహా: మకాములు రెండే. మొదటి రెండు రాత్రులు పనాజీ, తర్వాతి రెండు రాత్రులు మడ్గావ్. మిగతావన్నీ ఈ రెండింటి చుట్టూ తిరగాలి, లేదంటే మానేయాలి.

ఇక రైలు. హౌరా వైపు నుంచి వచ్చే అమరావతి ఎక్స్‌ప్రెస్ మన వాళ్లకి దేవుడిచ్చిన బండి. విజయవాడ, గుంటూరు మీదుగా నరసరావుపేట, వినుకొండ, మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు, నంద్యాల, గుంతకల్లు, హుబ్బళ్లి దాటి వాస్కో దాకా పోతుంది. మీరు ఒంగోలు నుంచి పొదిలి మీదుగా మార్కాపురం చేరుకుని అక్కడ ఎక్కొచ్చు. లేదంటే పగటిపూట బండిలో విజయవాడ వెళ్లి మొదట్నుంచీ హాయిగా ఎక్కొచ్చు. బండి మార్కాపురం రోడ్డుకి రాత్రివేళ వస్తుంది. పెద్దావిడతో ప్లాట్‌ఫాం మీద ఎదురుచూపులెందుకనుకుంటే విజయవాడే మేలు. మీ కుటుంబానికైతే నేను విజయవాడకే ఓటేస్తాను.

ఇది రోజూ నడిచే బండి కాదు, వారానికి 4 రోజులే. కాబట్టి ముందు వెళ్లే బండి, వచ్చే బండి తేదీలు రెండూ కుదుర్చుకోండి. హోటళ్లు ఆ తర్వాతే. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కనుక పండగ మూడు రోజులూ ఇంట్లోనే చేసుకుని, ముక్కనుమ నాటి నుంచి ఏ రోజు బండి ఉంటే ఆ రోజు బయల్దేరండి. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తారు. సంక్రాంతి తర్వాత రద్దీ మీకు తెలియంది కాదు, తెరిచిన పొద్దునే చేసేయండి. టికెట్లు తీసేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. ఐదుగురికీ ఒకే టికెట్ తీస్తే అత్తగారికి కింది బెర్త్ దొరుకుతుందన్న భరోసా లేదు. 45 దాటిన ఆడవాళ్లకీ, 60 దాటిన మగవాళ్లకీ కింది బెర్తుల కోటా ఒకటి ఉంది. అది ఒక్కరో ఇద్దరో ఉన్న టికెట్‌కే వర్తిస్తుంది. అత్తగారికి విడిగా, మీకూ 45 దాటి ఉంటే మీ ఇద్దరికీ కలిపి ఆ కోటాలో తీసుకోండి. మిగతా ముగ్గురికీ ఇంకో టికెట్.

మర్నాడు పగలు బండి కాసిల్‌రాక్ దాటి ఘాట్‌లోకి దిగుతుంది. అప్పుడు ఎవరినీ నిద్రపోనివ్వకండి. సొరంగం మీద సొరంగం, లోయలో అడవి, ఉన్నట్టుండి రైలు పక్కనే దూధ్‌సాగర్. మాండవి నది మీద 310 మీటర్ల ఎత్తు నుంచి జారే జలపాతం. జనవరి నాటికి నీళ్లు పలచబడతాయి, వానాకాలపు హోరు ఉండదు. అయినా నల్లటి బండ మీద తెల్లటి ధారలు బాగా కనిపిస్తాయి. మీ కాగితంలో దూధ్‌సాగర్‌కి ఒక రోజంతా రాశారు. ఘాట్ దిగువన ఉన్న కులెం అనే ఊరి నుంచి అడవిలో జీపులో, ఎత్తెత్తి పడేసే దారిలో పోవాలి. దిగాక రాళ్ల మీద నడవాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి అది శిక్ష. రైలు కిటికీలోంచి చూస్తే మీ అత్తగారికి దర్శనమైపోయినట్టే. కాసేపు ఆగింది కదా అని అబ్బాయిని మాత్రం అక్కడ దిగనివ్వకండి, దిగకూడదు.

బండి వాస్కో దాకా పోయినా మీరు మడ్గావ్‌లో దిగిపోండి. పనాజీ ఊళ్లోకి రైలు లేదు. స్టేషన్ బయట ప్రీపెయిడ్ టాక్సీ మాట్లాడుకుని సామానుతో సహా నేరుగా పనాజీ వెళ్లండి. మడ్గావ్‌లో దిగి మళ్లీ పనాజీ ఎందుకు, ముందు మడ్గావే చూడొచ్చుగా అని మీకు అనిపించవచ్చు. తిరుగు బండి పొద్దున పూట బయల్దేరుతుంది. ఆఖరి రాత్రి స్టేషన్‌కి దగ్గర్లో పడుకుంటే తెల్లారుజామున పెద్దావిడని లేపి హడావిడి పెట్టే పని ఉండదు. అందుకే ఈ వరస.

పనాజీలో గది తీసుకునేటప్పుడు నదీ, బాల్కనీ కాదు అడగాల్సింది. లిఫ్టు ఉందా, లేకుంటే కింది అంతస్తులో గది ఇస్తారా, కూర్చునే టాయిలెట్ ఉందా, ఇవి అడగండి. పాత ఇళ్లని లాడ్జీలుగా మార్చినవి ఫొటోల్లో ఎంత ముచ్చటగా ఉన్నా, లోపల నిట్టనిలువు చెక్కమెట్లు ఉంటాయి.

మొదటి సాయంత్రం ఎక్కడికీ పోకండి. స్నానాలు చేసి, కాఫీ తాగి ఫోంతైన్యాస్ వీధుల్లోకి నడవండి. పనాజీలోని పాత పోర్చుగీసు పేట అది. ఇళ్లు పసుపు, ఇటుక ఎరుపు, నీలి రంగుల్లో ఉంటాయి. కిటికీల చుట్టూ తెల్ల పట్టీలు, గుమ్మం పక్కన ఇంటిపేరు రాసిన నీలి పింగాణీ పలక. కొన్ని పాత ఇళ్ల కిటికీలకి అద్దాలు ఉండవు. చెక్క చట్రంలో చిన్న చిన్న చదరాలు చేసి, ఒక్కో చదరంలో పలచగా గీసిన ఆల్చిప్ప పెంకు బిగించి ఉంటుంది. వెలుతురు లోపలికి పాలలా పడుతుంది, ఎండ మాత్రం పడదు. గాజు ఖరీదుగా ఉన్న రోజుల్లో సముద్రం ఒడ్డున దొరికేదాంతోనే పని జరుపుకున్నారు. మీ అమ్మాయికి అది దగ్గరగా చూపించండి. కానీ ఒక్క మాట, అవి జనం కాపురముంటున్న ఇళ్లు. గుమ్మం ముందు నిలబడి, వాళ్ల అరుగెక్కి ఫొటోలు తీసుకునేవాళ్లతో అక్కడివాళ్లు విసిగిపోయి ఉన్నారు. మన గడప ముందు ముక్కూమొహం తెలియనివాళ్లు అలా చేస్తే మనమెంత బాధపడతామో అంతే.

ఊరి నడిమధ్య కొండవాలు మీద తెల్లటి చర్చి, దానికి అటూ ఇటూ వంకర్లు తిరిగే మెట్లు. అత్తగారు కింద బల్ల మీద కూర్చుని చూస్తే చాలు, దీపాలు వెలిగాక కింద నుంచే ఎక్కువ అందం.

రెండో రోజు పొద్దున ఓల్డ్ గోవా, పనాజీకి పదికిలోమీటర్ల లోపే. ఎండెక్కకముందే చేరండి. ఆదివారమైతే మాత్రం ఉదయం ప్రార్థనలు జరుగుతాయి, పదిన్నర దాటాకే వెళ్లడం మర్యాద. ఈ ఊరి కథ మన చీరాల దగ్గరి మోటుపల్లి కథ లాంటిది. కాకతి గణపతిదేవుడు 1244లో సముద్ర వర్తకులకి అభయశాసనం వేయించిన రేవు ఈ రోజు చిన్న పల్లె కాలేదూ? అలాగే 1510లో పోర్చుగీసు వాళ్లు పట్టుకున్నాక ఓల్డ్ గోవా తూర్పు దేశాల్లో పేరుపడ్డ మహానగరమైంది. తర్వాత జ్వరాలు, మహమ్మారులు వచ్చి జనం ఖాళీ చేశారు. 1843లో రాజధాని హోదా పనాజీకి పోయింది. ఇళ్లు పోయాయి, వీధులు పోయాయి, చర్చిలు మాత్రం చెట్ల మధ్య మిగిలాయి. 1986లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

అందులో రెండే చూడండి. రోడ్డుకి ఒక పక్క బామ్ జీసస్ బసిలికా, ఎదురుగా సే కెథడ్రల్. బసిలికా 1605 నాటిది. మిగతా చర్చిలన్నీ తెల్లగా ఉంటే ఇది మాత్రం పైపూత లేక ఎర్రరాయి బయటపడి ఉంటుంది. లోపల సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ భౌతికకాయం వెండి పేటికలో, ఎత్తైన పీఠం మీద ఉంటుంది. పదేళ్లకోసారి కిందికి దించి భక్తులకి చూపిస్తారు. ఈ మధ్య 2024 నవంబరు నుంచి 2025 జనవరి మొదటివారం దాకా జరిగింది. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోండి. అబ్బాయికి నిక్కర్లు వద్దని ముందే చెప్పండి. అక్కడికీ, తర్వాత గుళ్లకీ అదే నియమం.

మధ్యాహ్నం భోజనం చేసి పడుకోండి. ఇది బద్ధకం కొద్దీ చెప్పడం లేదు. గోవా ఊళ్లలో ఒంటిగంట నుంచి మూడున్నర, నాలుగు దాకా చాలా కొట్లు మూసేస్తారు. ఆ వేళలో బజారుకి పోతే దించేసిన షట్టర్లు తప్ప ఏమీ ఉండవు. ఊరు ఎలా నడుస్తుందో మనమూ అలాగే నడిస్తే పెద్దవాళ్లకీ సుఖం. సాయంత్రం మాండవి ఒడ్డుకి వెళ్లండి. అక్కడ పెద్ద పెద్ద కాసినో ఓడలు నిలిచి ఉంటాయి. డాన్సులతో, మైకు మోతతో తిప్పే పడవలూ ఉంటాయి. మీవారికి గోవా మీద ఉన్న అపోహంతా అక్కడే బలపడుతుంది, వాటి జోలికి వెళ్లొద్దు. పనాజీ నుంచి అవతలి ఒడ్డున బేతిం అనే ఊరికి ప్రభుత్వ పడవ తిరుగుతుంది. నడిచి ఎక్కేవాళ్లకి టికెట్ లేదు. ఆఫీసు నుంచి ఇంటికి పోయేవాళ్లు, స్కూటర్లు, కూరగాయల సంచులు, వాటి మధ్య మీరు. నది మీద పొద్దు గూకడం చూడ్డానికి ఇంతకన్నా మంచి చోటు డబ్బు పెట్టినా దొరకదు.

మూడో రోజు శుక్రవారం అయ్యేలా మీ తేదీలు పడితే పొద్దున్నే మపుసా పోండి. పనాజీ నుంచి 13 కిలోమీటర్లు. గోవా ప్రభుత్వ బస్సులు నడిపే కదంబ కార్పొరేషన్ వాళ్ల నాన్‌స్టాప్ బస్సులుంటాయి, ఎక్కకముందే కౌంటర్లో టికెట్ తీసుకోవాలి. శుక్రవారం సంత మన కందుకూరు, పొదిలి సంతల్లో పెరిగినవాళ్లకి పరాయిగా అనిపించదు. మట్టి కుండలు, చాపలు, ఎండుచేపలు, మొయిరా అనే ఊరి నుంచి వచ్చే పొడవాటి పెద్ద అరటిపళ్లు. దండలు గుచ్చి వేలాడదీసిన ఎర్రటి పంది మాంసపు సాసేజీలు ఒక వరస నిండా ఉంటాయి. అత్తగారికి ఆ వరస పడదు, పళ్లూ పూలూ అమ్మే వైపు నుంచే తిప్పి తీసుకురండి. శుక్రవారం కుదరకపోతే మపుసా మొత్తంగా మానేయండి, సంత లేని రోజు అంత దూరం పోనక్కర్లేదు.

మధ్యాహ్నానికి మడ్గావ్ మారిపోండి. సాయంత్రం కోల్వాకో, దాని పక్కన కొంచెం నెమ్మదిగా ఉండే బెనాలింకో వెళ్లండి. కోల్వా మడ్గావ్‌కి 6 కిలోమీటర్లే. మన దగ్గర సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, అందుకే కార్తీక స్నానాలకి తెల్లారుజామునే కొత్తపట్నం పోతాం. అక్కడ పడమటి సముద్రం, పొద్దు నీళ్లలోకి దిగుతుంది. కాబట్టి గోవాలో తీరానికి సాయంత్రమే వెళ్లాలి, అయిదింటికి చేరితే చాలు. పిల్లలు నీళ్లలో దిగాలంటే కాపలా వాళ్లు ఉన్నంతసేపే, ఎర్రజెండా పాతిన చోట అడుగు పెట్టకూడదు. మనం సముద్రం పక్కన పుట్టినవాళ్లమే, మనకి తెలియదా అన్న ధీమా వద్దు. ఏ రేవు సుడి ఆ రేవుదే.

పాలోలెం అందమైన చోటు, కాదనను. అర్ధచంద్రంలా వంగిన ఒడ్డు, లోతు తక్కువ. కానీ మడ్గావ్ నుంచి పోను దాదాపు 40 కిలోమీటర్లు, రాను అంతే. ఐదు రోజుల్లో దానికి చోటు లేదు. వాస్కో ఓడరేవు, రైల్వే చివరి స్టేషన్. మీ పనికి అక్కరలేదు.

నాలుగో రోజు మీ అత్తగారిది. కారు, డ్రైవర్ని రోజుకి మాట్లాడుకుని పోండా వెళ్లండి. మడ్గావ్ నుంచి 20 కిలోమీటర్ల లోపే. గోవాలో పేరున్న గుళ్లు సముద్రం ఒడ్డున కాకుండా లోపల ఈ పోండా చుట్టూనే ఎందుకు గుంపుగా ఉన్నాయో ఆవిడకి దారిలో చెప్పండి. పదహారో శతాబ్దంలో పోర్చుగీసు వాళ్లు తీరప్రాంతంలో గుళ్లు కూలగొడుతుంటే, భక్తులు మూలవిరాట్టుల్ని తీసుకుని నది దాటి, అప్పటికి వాళ్ల చేతికి రాని పోండా సీమకి చేరుకున్నారు. మంగేశి గుడిలోని శివుడు మంగేశుడు 1560లో కుశస్థలి నుంచి అలా వచ్చినవాడే. పోండా పోర్చుగీసు కిందికి వచ్చింది 1763లో. రెండు వందల ఏళ్ల ఆ ఎడం ఉండబట్టే ఈ దేవుళ్లు నిలిచారు. రాత్రికి రాత్రి దేవుణ్ణి చంకన పెట్టుకుని ఏరు దాటిన ఆ జనాన్ని తలుచుకుంటే ఆ గుడిలో నిలబడ్డప్పుడు కళ్లు చెమరుస్తాయి.

గాలిగోపురం కోసం వెతకొద్దని ముందే చెప్పండి. లోపల గర్భగుడి మీద గుమ్మటం, బయట ఆవరణలో అంతస్తులు అంతస్తులుగా దీపస్తంభం. మంగేశి గుడి దీపస్తంభం ఏడంతస్తులు, తెల్లగా, ప్రతి అంతస్తులో దీపాలకి గూళ్లు. లతా మంగేష్కర్ ఇంటిపేరు ఈ ఊరిదే, ఆవిడ తండ్రి దీనానాథ్ గారిది మంగేశి. అక్కణ్నుంచి కూతవేటు దూరంలో మర్దోల్‌లో మహాలసా దేవి. తర్వాత కవళెంలో శాంతాదుర్గ. శివకేశవుల మధ్య పోరు వస్తే ఇద్దరినీ చెరో చేత్తో పట్టుకుని శాంతింపజేసిన అమ్మవారని అక్కడి కథ. ఈ మూడూ చాలు. సోమవారమైతే మంగేశి దగ్గర రద్దీ ఎక్కువ. ఈ గుళ్లలో భక్తులు ఉండేందుకు అగ్రశాలలనే వసతి ఉంటుంది. మీ అత్తగారు హోటల్లో ఉండనని పట్టుబడితే ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

తిరిగొచ్చేటప్పుడు టైము ఉంటే పోండా చుట్టుపక్కల మసాలా తోటలున్నాయి. పోకచెట్లకి అల్లుకున్న మిరియాల తీగ, పండు పగిలి ఎర్రటి జాపత్రి కనిపించే జాజికాయ. పోపులపెట్టెలో తప్ప చూడని వాటిని మీ అమ్మాయి చెట్టు మీద చూస్తుంది. టికెట్‌లో భోజనం కలిపే ఇస్తారు చాలాచోట్ల. అయితే డ్రైవర్ దారిలో జీడిపప్పు కొట్ల దగ్గర ఆపుతాడు. వేటపాలెం జీడిపప్పు తినేవాళ్లం మనం, బరువు మోసుకురావడమెందుకు? ఎండబెట్టిన కోకం తొక్కు కొనండి, చింతపండు బదులు పప్పుచారులో వేసుకోవచ్చు.

తిండి గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, మన వాళ్ల ప్రయాణాలు చెడేది అక్కడే. పనాజీలోనూ మడ్గావ్‌లోనూ ఉడిపి తరహా శాకాహార హోటళ్లున్నాయి, ఇడ్లీ సాంబారుకి లోటు లేదు. అయినా ఒక్క పొద్దున్నైనా పావ్-భాజీ తినండి. బొంబాయి పావ్‌భాజీ కాదు. బంగాళాదుంపతోనో, అలసందలతోనో వండిన పలచటి కూర, పక్కన అప్పుడే కాల్చిన పావ్, మిర్చి బజ్జీ. అత్తగారి కోసం ‘శివరాక్’ అని అడగండి, కొంకణిలో శాకాహారానికి ఆ మాటే. బెబింకా అనే పొరల పొరల స్వీటు అందరూ చేతిలో పెడతారు, దాంట్లో గుడ్డు సొన పోస్తారు. ఆవిడకి పెట్టకండి. కొబ్బరిపాలు, బెల్లం, బియ్యప్పిండితో చేసే దోదోల్ మన హల్వాలా ఉంటుంది, గుడ్డు ఉండదు.

మీకూ పిల్లలకీ చేపల భోజనం తప్పనిసరి. నెల్లూరు చేపల పులుసు నాలుకతో మాత్రం కూర్చోకండి. చింతపండు పులుపు, మామిడికాయ ముక్క, ఆ కారం అక్కడ ఉండవు. కొబ్బరి మెత్తగా నూరి, కోకం పులుపు వేసి, ఎర్రమిరపకాయ రంగుకే ఎక్కువగా వాడతారు. మొదటి ముద్దకి చప్పగా ఉందనిపిస్తుంది. మూడో ముద్దకి చేప రుచి విడిగా తెలుస్తుంది. వంజరం ముక్క రవ్వ అద్ది వేయిస్తారు, అది పిల్లలు వదలరు. అన్నం లావు గింజ, ఎర్ర చారల ఉప్పుడు బియ్యం. మొలగొలుకులు తిన్న నోటికి మొరటుగా ఉన్నా ఆ కూరకి అదే జోడీ. ఆవకాయ సీసా సంచిలో పెట్టుకోండి గానీ రెండో రోజు దాకా మూత తీయకండి.

అబ్బాయి సంగతి. వాడిని గుళ్ల చుట్టూ, బజార్ల చుట్టూ ఐదు రోజులూ తిప్పితే మొహం మాడ్చుకుంటాడు, ఆ వయసు అలాంటిది. నాలుగో రోజు వాడిని వదిలేయండి. కులెం నుంచి జీపులో దూధ్‌సాగర్ పోయి రానివ్వండి, సాయంత్రానికి వచ్చేస్తాడు. లైసెన్సు ఉండి స్కూటర్ అద్దెకి తీసుకుంటానంటే హెల్మెట్ తప్పనిసరి. అద్దె బండికి నల్ల పలక మీద పసుపు అంకెలు ఉండాలి. మామూలు తెల్ల పలక బండి ఇస్తే పోలీసులు ఆపేది వాడినే. తాగుడు గురించి మీ మనసులో భయం ఉంటే బయల్దేరకముందే, ఇంట్లో, నాన్న కాకుండా మీరు కూర్చోబెట్టి మాట్లాడండి. అక్కడికెళ్లాక కాపలా కాయడం కన్నా ఇది మంచిది.

మీవారికి నా మాటగా చెప్పండి. ఆయన విన్న గోవా కలంగూట్ నుంచి బాగా దాకా ఉన్న ఆ కాస్త ఒడ్డు. దాన్నే రీళ్లలో చూపిస్తారు, దాన్నే కుర్రాళ్లు గుంపులుగా పోయి వస్తారు. మీరు దిగే మడ్గావ్‌లో సాయంత్రం ఆరింటికి మునిసిపల్ తోట పక్కన మార్కెట్ సందుల్లోకి నడవమనండి. పూలు కట్టేవాళ్లు, బంగారం కొట్లు, పిల్లల చేతులు పట్టుకుని పప్పులూ ఉప్పులూ కొనుక్కునే ఆడవాళ్లు, ట్యూషన్ నుంచి వచ్చే ఆడపిల్లలు. మన ట్రంకు రోడ్డు మీద కనిపించే సంసారులే అక్కడా కనిపిస్తారు. ఆయనకి పాత ఇళ్లంటే ఇష్టమైతే మూడో రోజు మపుసా బదులు చాందోర్ పెట్టుకోండి. మడ్గావ్‌కి 13 కిలోమీటర్లు. మెనెజెస్ బ్రగాంజా వాళ్ల భవంతిలో ఇప్పటికీ ఆ కుటుంబాలే ఉంటూ, చూడ్డానికి వచ్చినవాళ్లకి నాట్యశాల, షాండ్లియర్లు, పుస్తకాల గది చూపిస్తారు. నిర్వహణకి తోచింది ఇచ్చి రావాలి.

ఓలా, ఉబర్ల మీద ఆధారపడొద్దు, అక్కడ నడవవు. గోవామైల్స్ అనే యాప్ ఉంది, లేదా హోటల్ వాళ్లని అడిగి రేటు ముందే ఖాయం చేసుకోవాలి. రైలు టికెట్లు దొరక్క హైదరాబాదు నుంచి విమానం ఎక్కాల్సి వస్తే విమానాశ్రయం పేరు చూసుకోకుండా డబ్బు కట్టొద్దు. గోవాకి రెండున్నాయి. వాస్కో పక్కన డబోలిం పాతది. ఉత్తరాన మోపాలో 2023 జనవరి నుంచి విమానాలు దిగుతున్నది కొత్తది. మోపాలో దిగితే పనాజీకే గంట ప్రయాణం, మడ్గావ్ దానికి దాదాపు రెట్టింపు దూరం. అలాంటప్పుడు డబోలిం టికెట్ వెయ్యో రెండు వేలో ఎక్కువైనా అదే తీసుకోండి, టాక్సీలో ఆ డబ్బు మిగులుతుంది.

ఈ జనవరికి కుదరకపోతే వేసవి సెలవుల్లో మాత్రం పెట్టుకోకండి, ఉక్కపోత. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అక్కడ కుండపోత, సముద్రంలోకి దిగనివ్వరు. డిసెంబరు ఆఖరి పది రోజులు గదుల ధరలు ఆకాశాన ఉంటాయి. మనకి అక్టోబరు, నవంబరుల్లో తుపాన్ల కాలం కదా, ఆ నెలల్లో అక్కడ వానలు వెనకబడి నేలంతా పచ్చగా ఉంటుంది, దూధ్‌సాగర్ నిండుగా ఉంటుంది. దసరా సెలవులు అక్టోబరు నడుమకి పడ్డ ఏడాది అయితే అదీ మంచి అదనే. తిరుగు బండి మార్కాపురం చేరేది కూడా రాత్రివేళే. అక్కడే దిగాలనుకుంటే ఒంగోలు నుంచి తెలిసిన కారు ముందే చెప్పి పెట్టుకోండి. లేదంటే విజయవాడ దాకా పడుకుని పోయి, తెల్లారాక ఒంగోలు బండి ఎక్కండి.